కుట్ల మీద జైలోకైన్ జెల్లీ రాయవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది భీమవరం. మా కుక్క పేరు బుజ్జి. నాటు కుక్కే. తొమ్మిదేళ్లు, 11 కిలోలు ఉంటుంది. చన్నుల దగ్గర నిమ్మకాయంత గడ్డ వస్తే నాలుగు రోజుల కిందట ఆపరేషన్ చేసి తీశారు. కుట్లు వేసే ముందు గాయంలోనే మత్తుమందు పోశామని, నొప్పి అంతగా తెలియదని అక్కడి డాక్టరు గారు చెప్పారు. ఆ మాట విని మెడికల్ షాపులో పనిచేసే మా మరిది, "మత్తుమందు పోస్తే గాయం మానదు వదినా, కండ చచ్చిపోతుంది" అన్నాడు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. ఇంకోపక్క బుజ్జి రాత్రిళ్లు పడుకోలేక మూలుగుతోంది, కుట్లు నాకబోతోంది. మా మామగారికి యూరిన్ పైపు వేసినప్పుడు కొన్న జైలోకైన్ జెల్లీ ఇంట్లో ఉంది. అది కాస్త కుట్ల మీద రాస్తే దానికి హాయిగా ఉంటుంది కదా? రాయమంటారా, వద్దా?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, జెల్లీ రాయకండి. ఆపరేషన్ రోజు డాక్టరు గారు గాయంలో పోసిన మందు గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. ఆయన చేసింది మంచి పని. మీ ఉత్తరం చూడగానే ఈ రెండు ముక్కలూ మీకు విడిగా రాసి పంపాను. అయితే కుక్కకో పిల్లికో ఆపరేషన్ అయిన ఇళ్లలో ఇదే అనుమానం చాలామందికి వస్తోంది. అందుకే ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

మీకు తికమక ఎక్కడ వచ్చిందంటే, అక్కడ పోసిందీ మత్తుమందే, మీ ఇంట్లో ఉన్నదీ మత్తుమందే. అది గాయానికి చెడ్డదైతే డాక్టరు గారు ఎందుకు పోశారు, మంచిదైతే నేనెందుకు రాయకూడదు అని మీకు అనిపించింది. న్యాయమైన ప్రశ్నే. మందు జాతి ఒకటే అయినా ఎప్పుడు వేశారు, ఎంత వేశారు, ఎన్నిసార్లు వేశారు అన్నదాన్ని బట్టి అది గాయానికి చేసేది మారిపోతుంది.

ముందు ఆపరేషన్ బల్ల మీద ఏం జరిగిందో చెబుతాను. చన్నుల దగ్గర గడ్డ తీయడం అంటే గడ్డ ఒక్కటే తీసి ఊరుకోవడం కుదరదు. చుట్టూ కొంత మంచి కండ, మీద చర్మం కలిపి తీయాలి. నిమ్మకాయంత గడ్డకు జానెడు కోత పడినా ఆశ్చర్యం లేదు. అంత చర్మం తీశాక మిగిలిన అంచులను రెండు పక్కలనుంచీ లాగి కుట్టాలి. ఆ లాగుడుకే సగం నొప్పి. అందుకని లోపలి కుట్లు వేసే ముందు, ఎర్రగా తెరిచి ఉన్న ఆ గాయంలో సిరంజితో కొద్దిగా మందు పోసి, కాసేపు ఆగి, అప్పుడు మూసేస్తాం. సాధారణంగా వాడేది బుపివకైన్, లేదంటే లిగ్నోకైన్. మీ జైలోకైన్ ఆ లిగ్నోకైనే. నరాల్లో నొప్పి కబురు సోడియం అయాన్ల కదలిక మీద నడుస్తుంది. అవి నరంలోకి వెళ్లే దారులను ఈ మందులు మూసేస్తాయి. నరం ఉన్నచోటే ఉంటుంది, కబురు మాత్రం మెదడుకు చేరదు.

ఈ మందులకు పెద్ద చరిత్రే ఉంది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువ కంటి డాక్టరు కొకైన్ ద్రావణం చుక్క వేస్తే కన్ను మొద్దుబారుతుందని కనిపెట్టాడు. ముందు కప్ప కంట్లో, తర్వాత కుందేలు, కుక్క కళ్లలో వేసి చూసి, ఆఖరికి తన కంట్లోనే వేసుకున్నాడు. లిగ్నోకైన్‌ను 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. ఈ మందుల చరిత్రలో కుక్క మొదటి రోజునుంచీ ఉంది. దాని నొప్పి గురించి మనం పట్టించుకోవడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలుపెట్టాం. నేను చదువుకునే రోజుల్లో "పశువు కదా, ఓర్చుకుంటుంది" అనే మాట మామూలుగా వినబడేది. మీ డాక్టరు గారు అలా అనుకోలేదు. అందుకు నాకు సంతోషంగా ఉంది.

ఇక లెక్క. బుపివకైన్‌ను కుక్కలో కిలోకు 2 మిల్లీగ్రాములు దాటనివ్వం. 11 కిలోల బుజ్జికి అది 22 మిల్లీగ్రాములు. 0.5 శాతం మందులో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి నాలుగున్నర మిల్లీలీటర్ల లోపే అన్నమాట. అంటే ఒక టీ చెంచాకు కూడా తక్కువ. అది పట్టుకోవడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. తర్వాత సుమారు నాలుగునుంచి ఎనిమిది గంటలు పనిచేసి, రక్తంలో కలిసి, కాలేయంలో విరిగిపోతుంది. లిగ్నోకైన్ అయితే నిమిషాల్లో పట్టుకుని గంటా రెండు గంటల్లో వదిలేస్తుంది. అంటే మీరు బుజ్జిని ఇంటికి తెచ్చుకున్న రాత్రికే ఆ మందు పని అయిపోయింది. నాలుగో రోజున అది మూలుగుతోందంటే దానికీ ఆ మందుకూ సంబంధం లేదు.

మీ మరిది మాట తీసిపారేయదగ్గది కాదు. అతను ఎక్కడో విన్నదానికి ఆధారం ఉంది. గాయాన్ని కలిపి అల్లే కణాలను ఫైబ్రోబ్లాస్ట్‌లు అంటారు. కొల్లాజెన్ అనే పీచును తయారుచేసేది అవే. వాటిని ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచి, మీద ఈ మత్తుమందులు పోసి గంటల తరబడి ఉంచితే వాటి పెరుగుదల మందగిస్తుంది. మోతాదు పెరిగితే చచ్చిపోతాయి కూడా. బుపివకైన్‌ను నేరుగా కండలోకి ఇంజెక్షన్ చేస్తే అక్కడి కండ పోగులు దెబ్బతింటాయన్నదీ నిజమే. కొన్ని వారాల్లో అవి మళ్లీ పెరుగుతాయి. కీళ్లలోని మృదులాస్థికి అయితే ఈ మందు ఎక్కువసేపు తగలడం బాగా చేటు. అందుకే కీళ్ల లోపల దీన్ని వాడేటప్పుడు ఇప్పుడు చాలా జాగ్రత్తగా ఉంటున్నారు. "కండ చచ్చిపోతుంది" అన్న మాట ఇలాంటి చోట్లనుంచే పుట్టి ఉంటుంది.

అయితే గాజు పళ్లెంలో రక్తం ప్రవహించదు. పోసిన మందు పోసినట్టే నిలిచి ఉంటుంది. బతికున్న కుక్క గాయంలో అలా నిలవదు, గంటగంటకూ రక్తం దాన్ని కడిగి తీసుకుపోతుంది. ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. కోత పడగానే మొదటి రెండు మూడు రోజులు గాయంలో జరిగేది శుభ్రం చేసే పని. తెల్ల రక్తకణాలు వచ్చి చచ్చిన కణాలను, క్రిములను ఏరుకుంటాయి. ఆ వాపు, ఎరుపు, వెచ్చదనం అందుకే. ఫైబ్రోబ్లాస్ట్‌లు గుంపుగా వచ్చి పని మొదలుపెట్టేది మూడో రోజునుంచి. మందు వెళ్లిపోయేది మొదటి రోజునే. గోడ కట్టే మేస్త్రీలు వచ్చేసరికి మందు అక్కడ ఉండదు. అందుకే కుక్కల ఆపరేషన్లలో కుట్లు వేసేటప్పుడు ఒకసారి కొలిచి పోసిన మందు వల్ల గాయం మానడంలో మాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించడం లేదు. నా చేతులమీదుగా వెళ్లిన కేసుల్లో కుట్లు విడిపోయినవి ఉన్నాయి. వాటి వెనక నాకు దొరికిన కారణాలు నాకుడు, చీము, అతిగా బిగిసిన కుట్టు, గెంతులాట. మత్తుమందు కారణమని అనుకోవాల్సిన కేసు ఒక్కటీ తగల్లేదు.

ఆస్ట్రేలియాలో మెరినో గొర్రెపిల్లలకు తోక వెనక చర్మం కోసే పద్ధతి ఒకటుంది, ఈగలు గుడ్లు పెట్టకుండా. ఆ తెరిచిన గాయం మీద లిగ్నోకైన్, బుపివకైన్, అడ్రినలిన్, సెట్రిమైడ్ కలిపిన మందును స్ప్రే చేస్తారు. దాన్ని పరీక్షించినప్పుడు గొర్రెపిల్లల నొప్పి తగ్గింది, గాయం మానడం వెనకబడలేదు. అక్కడా వేసేది కోసిన వెంటనే, ఒక్కసారి.

నొప్పి వైపునుంచి కూడా చూడాలి. నొప్పితో ఉన్న కుక్క ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, గాయానికి రక్తం, ప్రాణవాయువు తక్కువగా అందుతాయి. తిండి తగ్గుతుంది, నిద్ర ఉండదు, సలుపుతున్న చోటును నాకుతుంది. ఇవన్నీ గాయం మానడానికి అడ్డే. నొప్పిని ఓర్చుకోనిస్తే గాయం గట్టిగా మానుతుందనే నమ్మకం మనలో ఇంకా ఉంది. అది నిజం కాదు.

ఇప్పుడు మీ జెల్లీ దగ్గరకు వద్దాం. ట్యూబు మీద 2 శాతం అని ఉంటుంది. అంటే ఒక గ్రాము జెల్లీలో 20 మిల్లీగ్రాముల లిగ్నోకైన్. 30 గ్రాముల ట్యూబులో 600. లిగ్నోకైన్‌ను గాయం చుట్టూ ఇవ్వాల్సి వస్తే మేము కిలోకు 6, మహా అయితే 8 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతాం. బుజ్జి బరువుకు అది 66నుంచి 88 మిల్లీగ్రాములు. ఒక టీ చెంచాడు జెల్లీ సుమారు 5 గ్రాములు, అంటే 100 మిల్లీగ్రాములు. జానెడు కుట్ల మీద ధారాళంగా రాస్తే ఒక్క పూతకే ఒక చెంచా అవుతుంది. బాగున్న చర్మంలోనుంచి ఈ మందు పెద్దగా లోపలికి దిగదు. కోసిన చోట, ఒలిచిన చోట మాత్రం వేగంగా పీల్చుకుంటుంది. ఆ రాత్రికి హాయిగా ఉందనిపిస్తే మర్నాడు మూడుసార్లు రాస్తారు. మీరనే కాదు, ఎవరైనా అంతే, ప్రేమ అలా చేయిస్తుంది. అప్పుడు గాయాన్ని అల్లే కణాలు సరిగ్గా పనిలో ఉన్న రోజుల్లో, రోజూ, కొలత లేకుండా మందు తగులుతూ ఉంటుంది. ఆ గాజు పళ్లెం పరిస్థితిని మనమే గాయం మీదకు తెచ్చినట్టవుతుంది.

రాసింది కుక్క నాకుతుంది కూడా. జెల్లీ తియ్యగా ఉన్నా చేదుగా ఉన్నా నాకడం మానదు. నాలుక, గొంతు మొద్దుబారితే నీళ్లు తాగేటప్పుడు పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. పైగా మీ మామగారికి వాడి మూతపెట్టిన ట్యూబు ఇప్పుడు శుభ్రమైనది అనుకోవడానికి లేదు. చిన్నదిగా కనిపించే ఇంకో చిక్కు కూడా ఉంది. కుట్లు ఎప్పుడూ జిగటగా, తడిగా ఉంటే అంచులు నానిపోయి వదులవుతాయి. కుట్లు వేసిన గాయం పొడిగా ఉండాలి.

పదేపదే వేస్తే ఏమవుతుందో కంటిలో బాగా కనబడుతుంది. కంటి నల్లగుడ్డు మీద పుండు పడ్డ కుక్కకు పరీక్ష చేసేటప్పుడు మేము ప్రొపరకైన్ అనే మత్తుమందు చుక్క ఒకటి వేస్తాం. నిమిషంలో కన్ను తెరుస్తుంది, చూసేవాళ్లకు అద్భుతంలా ఉంటుంది. "ఆ చుక్కల సీసా మాకూ రాసివ్వండి" అని అడుగుతారు. ఇవ్వం. రోజూ వేస్తే ఆ పుండు మానదు, పైపొర కణాలు పాకి కప్పుకోవడం ఆగిపోతుంది, కొన్నిసార్లు కన్నే పోతుంది. పరీక్షకు వేసే ఒక్క చుక్క వల్ల మాత్రం ఏ నష్టమూ లేదు.

చాలా ఏళ్ల కిందట నేను చూసిన కేసు ఒకటి చెప్పాలి. తెల్లని పామెరేనియన్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాం. గాయం చక్కగా ఉంది, మూడో రోజు చూసి పంపాను. ఆరో రోజు సాయంత్రం ఆ ఇంటి పెద్దాయన దాన్ని తువ్వాలులో చుట్టుకుని పరిగెత్తుకొచ్చారు. విప్పి చూస్తే పై కుట్లలో నాలుగు ఊడిపోయాయి, అంచులు తెల్లగా నానిపోయిన అరటి తొక్కలా ఉన్నాయి. ఎర్రదనం లేదు, వాపు లేదు, మానుతున్న జాడే లేదు. ఏం రాశారని అడిగితే జేబులోంచి ఒక ట్యూబు తీశారు. పైల్స్‌కు వాడే ఆయింట్‌మెంట్. మంట తగ్గుతుంది కదా అని రోజుకు నాలుగుసార్లు రాశారట. ఆ రకం ఆయింట్‌మెంట్లలో లిగ్నోకైన్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. గాయం మానకుండా చేసేవాటిలో స్టెరాయిడ్ ముందు వరసలో ఉంటుంది, వాపును అణచి మొదటి మెట్టునే ఎక్కనివ్వదు. లోపలి కుట్లు నిలిచాయి కాబట్టి ఆ పిల్ల బతికింది. అంచులు చెక్కి మళ్లీ కుట్టాను. ఆ పెద్దాయన చేతులు వణకడం ఇంకా గుర్తుంది. ఆయన్ను ఏమీ అనలేకపోయాను. ఏమి రాయకూడదో ఆపరేషన్ రోజునే నేను చెప్పి ఉండాల్సింది. అప్పటినుంచి ఇంటికి పంపే ప్రతి కుక్కతో పాటు ఆ మాట కూడా చెప్పి పంపుతున్నాను. మీ ఇంట్లో ఏ ట్యూబు ఉన్నా ముందు దాని మీద ఉన్న పేర్లు చదవండి. బెక్లోమెథాసోన్, బీటామెథాసోన్, హైడ్రోకార్టిసోన్ అని కనిపిస్తే అది కుట్ల దరిదాపులకు రాకూడదు.

మరి రాత్రి మూలుగుడుకు ఏం చేయాలి? ముందు అది నొప్పేనా అని చూడండి. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి మూలిగితే మత్తు దిగే గందరగోళం కావచ్చు. నాలుగో రోజుకు ఆ కారణం ఉండదు. బుజ్జి వీపు వంచి నిలబడుతోందా, పడుకోబోయి మళ్లీ లేస్తోందా, మీరు గేటు తీస్తే ఎప్పటిలా తోకాడిస్తూ వస్తోందా? కుట్లకు రెండు అంగుళాల దూరంలో వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. తల తిప్పి మీ చేతివంక చూస్తే, ఒళ్లు బిగబట్టితే, గుర్రుమంటే అది నొప్పే. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి ప్రశ్నలతోనే కుక్క నొప్పిని కొలిచే పట్టిక చేశారు. మొత్తం 24 మార్కులకు 6 వస్తే నొప్పి మందు ఇవ్వాల్సిందే అంటారు. కొందరు కుక్కల్ని "మాదేం మూలగదు, గట్టిది" అంటారు. మూలగకుండా మూల పట్టుకు కూర్చునే కుక్కకు ఎక్కువ నొప్పి ఉండొచ్చు.

నొప్పే అయితే జవాబు పైపూతలో లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి ఫోన్ చేసి, నొప్పి మందు ఎన్ని రోజులకు ఇచ్చారో చూసుకుని, రాత్రిళ్లు ఇలా ఉందని చెప్పండి. చాలా చోట్ల మూడు రోజులకే మెలాక్సికామ్ ఇచ్చి పంపుతారు. ఇంత పెద్ద కోతకు అది చాలకపోవచ్చు. పొడిగించాలా, ఇంకోటి కలపాలా అన్నది ఆయన నిర్ణయించాలి. తొమ్మిదేళ్ల కుక్క కాబట్టి మూత్రపిండాలు, కాలేయం సంగతి ఆయనకే తెలుసు. మెలాక్సికామ్ తిండి పెట్టాకే వేయండి, నీళ్లు బాగా తాగనివ్వండి. వాంతులైనా, దొడ్డి నల్లగా తారులా వచ్చినా ఆపేసి ఫోన్ చేయండి.

మనం వేసుకునే మాత్రలు మాత్రం వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి రక్తం కారేలా చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు లక్షల సంఖ్యలో చనిపోవడంతో మన దేశంలో 2006లో దాన్ని పశువులకు వాడకుండా నిషేధించారు. అయినా మనుషుల షాపుల్లో దొరుకుతుంది కాబట్టి ఇళ్లలో కుక్కల నోట్లోకి వెళ్తూనే ఉంది. మీ మరిది ఈ విషయంలో మీకు సాయపడగలరు. కుక్కకని ఎవరైనా అడిగితే ఇవ్వవద్దని ఆయనకు చెప్పండి.

మందు కాక, ఇంట్లో మీరు చేయగలిగిన మంచి పని చల్లటి కాపడం. ఐసు ముక్కలు కవరులో వేసి, శుభ్రమైన పొడి గుడ్డ చుట్టి, కుట్ల పక్కన పది నిమిషాలు ఆనించండి. రోజుకు మూడుసార్లు చాలు. గాయం తడవకూడదు, ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. మొదటి మూడు రోజులకే ఇది ఎక్కువగా పనికొస్తుంది. బుజ్జికి ఇంకా వాపు ఉంటే ఒకటి రెండు రోజులు చేయవచ్చు. వేడి కాపడం ఇప్పుడు వద్దు.

నాకడం ఆపడం మందుతో సమానమైన పని. మెడకు ప్లాస్టిక్ కోన్ వేయండి. వేసిన గంటసేపు అది గోడలకు గుద్దుకుంటుంది, మనకు జాలేసి తీసేస్తాం, సరిగ్గా ఆ పావుగంటలోనే కుట్టు లాగేస్తుంది. కుక్క నాలుక గాయాన్ని మాన్పుతుందని పెద్దలు అంటారు గానీ ఆ నోట్లోని క్రిములు, ఆ గరుకు నాలుక కుట్లకు మంచివి కావు. కడుపు మీద గాయం కాబట్టి పగలు పాత కాటన్ టీషర్టు కూడా బాగుంటుంది. ముందుకాళ్లు చేతుల్లోంచి తీసి, నడుము దగ్గర వీపు మీదకు ముడి వేయండి. తడిస్తే వెంటనే మార్చండి. రాత్రి మీరు నిద్రపోతారు కాబట్టి టీషర్టు మీద కోన్ కూడా ఉండాలి.

రోజూ పొద్దున వెలుతురులో గాయం చూడండి. వీలైతే ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నిన్నటిదానికీ ఇవాల్టిదానికీ తేడా కంటికంటే ఫోటోలో బాగా తెలుస్తుంది. అంచులు కొంచెం ఎర్రగా ఉండి ఒకదానికొకటి ఆనుకుని ఉంటే బాగుందని అర్థం. చన్నుల గడ్డ తీసిన చోట నాలుగైదు రోజులకు చర్మం కింద మెత్తగా, నీళ్ల సంచిలా ఉబ్బు రావడం మామూలే. కండ తీసిన ఖాళీలో నీరు చేరుతుంది. దాన్ని సూదితో గుచ్చి తీయకండి, లోపలికి క్రిములు పోతాయి. చాలాసార్లు దానంతటదే ఇంకిపోతుంది. అయితే ఆ ఉబ్బు వేడిగా, గట్టిగా మారితే, వాసన వస్తే, పసుపుపచ్చని చిక్కటి చీము కారితే, అంచులు నల్లబడితే, కుట్ల మధ్య సందు పడితే, బుజ్జి తిండి మానేస్తే ఆ రోజే తీసుకెళ్లాలి. దాని ఒంటి వేడి మామూలుగా 101నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 103 దాటితే జ్వరమే.

కుట్ల మీద పసుపు చల్లడం మన ఇళ్లలో అలవాటు. పసుపులో గుణం లేదనను. వంటింటి డబ్బాలోని పొడి శుభ్రమైనది కాదు, నలుసులు కుట్టు దారాల్లో ఇరుక్కుంటాయి, పైగా పసుపు రంగు కింద గాయం ఎలా ఉందో కనిపించదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకండి, అవి కొత్త కణాలను కూడా కాల్చేస్తాయి. తుడవాల్సి వస్తే బెటాడిన్‌ను కాచి చల్లార్చిన నీళ్లలో పలచటి టీ రంగు వచ్చేదాకా కలిపి, దూదితో అద్ది, ఆరనివ్వండి. మీ వైపు చెరువులు, వానలు, ఈగలు ఎక్కువ. తడిసిన గాయం మీద ఈగ వాలితే రెండు రోజుల్లో పురుగులు పడతాయి. బుజ్జిని ఈ రెండు వారాలూ ఇంట్లోనే పొడి నేల మీద, ఫ్యాను కింద పడుకోబెట్టండి.

ఈ జవాబు చూసేసరికే ఎవరైనా జెల్లీ రాసి ఉంటే, ఒకసారి రాసినంత మాత్రాన హడలిపోవద్దు. పొడి గుడ్డతో మెల్లగా తుడిచేసి కోన్ వేయండి. కుక్క ట్యూబు నమిలేసినా, చాలా నాకేసినా కొన్ని గంటలు దగ్గరుండి కనిపెట్టండి. చొంగ కారడం, వాంతి, తూలడం, ఒళ్లు అదరడం కనిపిస్తే ట్యూబు చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మూర్ఛ దాకా వెళ్లవచ్చు. ప్రిలోకైన్ కలిసిన క్రీము అయితే చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతున్నదని దానికి అర్థం. సూది గుచ్చే ముందు బాగున్న చర్మం మీద రాసి కప్పి ఉంచడానికి ఆ క్రీమును తయారుచేశారు. గాయాలకు కాదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకా జాగ్రత్త, పిల్లులు ఈ మందులను కుక్కలకంటే తక్కువ తట్టుకుంటాయి.

ఇంకా పెద్ద ఆపరేషన్లు, కాలు తీయడం, చెవి గొట్టం తీయడం లాంటివి చేయించుకోబోయే వాళ్లకు ఒక మాట. గాయంలో సన్న రంధ్రాల పైపు ఒకటి పెట్టి, రెండు మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, కొలిచిన మందును కొంచెం కొంచెం ఇచ్చే పద్ధతి ఉంది. అమెరికాలో కుక్కల మోకాలి ఆపరేషన్‌కు మూడు రోజులు మెల్లగా విడుదలయ్యే బుపివకైన్‌కు 2016లో అనుమతి వచ్చింది. అక్కడ ఉన్న మనవాళ్లు తమ డాక్టరును అడగవచ్చు. ఇక్కడైనా అక్కడైనా ఆపరేషన్‌కు ముందే "నొప్పికి ఏం ఇస్తారు, గాయం దగ్గర మందు వేస్తారా, ఇంటికి ఎన్ని రోజులకు ఇస్తారు" అని అడగడం మీ హక్కు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో చదివి వచ్చే పిల్లలు ఇప్పుడు ఈ విషయాలు బాగా నేర్చుకుని వస్తున్నారు. అడిగితే విసుక్కోరు.

బుజ్జికి కుట్లు పదినుంచి పద్నాలుగు రోజుల మధ్య తీస్తారు. కుట్లు తీసిన రోజుకు ఆ చర్మానికి అసలు బలంలో అయిదో వంతు కూడా వచ్చి ఉండదు. కాబట్టి ఇంకో రెండు వారాలు మెట్లు, మంచాలు ఎక్కి దూకనివ్వకండి. ఉత్తరంలో మీరు రాయని సంగతి ఒకటి అడుగుతున్నాను, తీసిన గడ్డను పరీక్షకు పంపారా? కుక్కల్లో చన్నుల దగ్గర వచ్చే గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్‌వే. పంపి ఉంటే కుట్లు తీయించే రోజున రిపోర్టు అడగండి. పంపకపోతే, గడ్డను ఫార్మలిన్‌లో దాచి ఉంచారేమో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.